సిక్సుకు తూకమెంత?

సిద్దిపేట చుట్టుపక్కల ఊళ్ళలో యాసంగి వరి కోతలు కాగానే మళ్ళు మైదానాలవుతాయి. కొయ్యకాళ్ళను తొక్కి తొక్కి పిచ్ చదును చేస్తారు. ఒక దిక్కు పొలం ఒడ్డే బౌండరీ, ఇంకో దిక్కు బాయిగడ్డ, మూడో దిక్కు ఎక్కడో దూరంగా వేపచెట్టు. ఆట అయిపోయాక అసలు పంచాయితీ మొదలవుతుంది.

"అన్నా, మావోడు ఆరు సిక్సులు కొట్టిండు. మీవోడు నాలుగే."

"ఒడ్డు దిక్కు కొడితె గదొక సిక్సా తమ్మీ? మావోనివి నాలుగూ వేపచెట్టు అవతల పడ్డయ్."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. స్కోరు నోట్‌బుక్ మాత్రం మొదటివాడి పక్షమే. అందులో ఒడ్డు దాటినా 6 అనే ఉంటుంది, వేపచెట్టు దాటినా 6 అనే ఉంటుంది. కొట్టినవాడి బలమెంతో ఆ అంకె చెప్పదు.

అమెరికాలో బేస్‌బాల్ వాళ్ళు ఇదే తగాదాను తరాలుగా లెక్కలతో తేల్చుకుంటున్నారు. వాళ్ళ హోమ్ రన్ మన సిక్సుకు అన్న వరస. బంతి ఎగిరి కంచె దాటితే కొట్టినవాడు నాలుగు బేస్‌లూ తీరిగ్గా చుట్టి వస్తాడు. ఆ బలాన్ని కొలవడానికి వాళ్ళు ఒకటి కాదు, అరడజను తూకాలు తయారు చేసుకున్నారు. వాటిలో కొన్నింటిని తెచ్చి మన తెలుగు నేల మీది సిక్సులను తూచి చూస్తే మంచి వింతలే బయటపడ్డాయి.

ఉప్పల్‌లో ఒకే రాత్రి, ఇద్దరు బ్యాటర్లు

2024 మార్చి 27. ఉప్పల్ స్టేడియంలో సన్‌రైజర్స్, ముంబై ఇండియన్స్ తలపడ్డాయి. హైదరాబాద్ 3 వికెట్లకు 277 కొట్టింది. రెండు జట్లూ కలిసి 38 సిక్సులు బాదాయి. అప్పటికి ఏ టీ20 మ్యాచ్‌లోనూ అన్ని సిక్సులు రాలేదు. ఆ రికార్డును అలా ఉంచి, స్కోరు పట్టికలో రెండు వరుసలు చూడండి.

ట్రావిస్ హెడ్: 24 బంతుల్లో 62. అభిషేక్ శర్మ: 23 బంతుల్లో 63.

పరుగుల్లో ఒక్కటే తేడా, బంతుల్లో ఒక్కటే తేడా. స్ట్రైక్ రేట్ చూస్తే కవల పిల్లల్లా ఉంటారు. కానీ హెడ్ తొమ్మిది ఫోర్లు, మూడు సిక్సులు కొట్టాడు. అభిషేక్ మూడు ఫోర్లు, ఏడు సిక్సులు కొట్టాడు. ఇంకో విచిత్రం, బౌండరీల ద్వారా ఇద్దరికీ వచ్చినవి సరిగ్గా 54 పరుగులే. 36కు 18 కలిపితే 54, 12కు 42 కలిపినా 54. ఒకరు నేల మీదుగా పంపారు, ఇంకొకరు ఆకాశం మీదుగా.

ఎన్ని బంతులకొక సిక్సు అని భాగించి చూస్తే కవలలు విడిపోతారు. హెడ్‌కు 8 బంతులకొకటి, అభిషేక్‌కు 3.3 బంతులకొకటి. బేస్‌బాల్‌లో ఇదే అన్నిటికంటే సులువైన తూకం. బ్యాట్ పట్టి నిలబడ్డ ప్రతి అధికారిక అవకాశాన్నీ వాళ్ళు 'ఎట్ బ్యాట్' అంటారు. ఎన్ని ఎట్ బ్యాట్‌లకు ఒక హోమ్ రన్ వచ్చిందో చూస్తారు.

అదే మ్యాచ్‌లో ముంబై తరఫున హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మ తన ఊరి జనం ముందే 34 బంతుల్లో 64 చేశాడు. ఫోర్లు రెండే, సిక్సులు ఆరు. స్కోరు హెడ్‌కు దగ్గర, స్వభావం అభిషేక్‌కు దగ్గర.

మొత్తంలోంచి సగటును తీసేస్తే

బేస్‌బాల్‌లో చాలాకాలం బ్యాటింగ్ సగటే రాజు. నూరు ఎట్ బ్యాట్‌లలో ముప్ఫై సార్లు హిట్ కొడితే సగటు 0.300. అయితే ఆ సగటుకు ఒక బేస్ హిట్టూ ఒకటే, కంచె దాటిన హోమ్ రన్నూ ఒకటే. మన నోట్‌బుక్‌కు ఒడ్డూ వేపచెట్టూ ఒకటే అయినట్టు. దానికి విరుగుడుగా వచ్చిందే స్లగ్గింగ్ శాతం. ఒక బేస్ హిట్టుకు 1, డబుల్‌కు 2, ట్రిపుల్‌కు 3, హోమ్ రన్‌కు 4 వేసి, ఆ మొత్తాన్ని ఎట్ బ్యాట్‌లతో భాగిస్తారు. మన స్ట్రైక్ రేట్‌కు ఇది దగ్గరి చుట్టం.

ఇందులోనూ ఒక మడత ఉంది. చిన్న చిన్న హిట్లు ఎక్కువ కొట్టేవాడి స్లగ్గింగ్ కూడా పెరుగుతుంది. వట్టి బలం కనపడాలంటే స్లగ్గింగ్‌లోంచి బ్యాటింగ్ సగటును తీసేయాలి. మిగిలేది ప్రతి ఎట్ బ్యాట్‌కూ వచ్చిన అదనపు బేస్‌లు. దీన్నే 'ఐసొలేటెడ్ పవర్' అంటారు, పొట్టిగా ఐఎస్ఓ. పొట్టు చెరిగి గింజలు విడదీసినట్టు. ఈ ఆలోచన వెనకున్నది అలన్ రాత్. 1947లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు ఆయన్ను పూర్తికాలం గణాంకాల మనిషిగా పెట్టుకుంది. ఆ జట్టు అధిపతి బ్రాంచ్ రికీ. నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను మైదానంలోకి దింపి వర్ణవివక్ష గోడను కూల్చింది ఆయనే. రాత్ లెక్కల ఆధారంగా 1954లో రికీ లైఫ్ పత్రికలో రాసిన వ్యాసం ఈ తూకాన్ని జనం ముందు పెట్టింది.

అమెరికా బేస్‌బాల్‌లో పై మెట్టయిన మేజర్ లీగ్‌లో సగటు ఐఎస్ఓ ఏడాదిని బట్టి 0.150కి అటూ ఇటూ ఉంటుంది. 0.200 దాటితే బలవంతుడు, 0.250 దాటితే చేయి తిరిగిన హోమ్ రన్ వీరుడు. 2001లో 73 హోమ్ రన్లు కొట్టిన బ్యారీ బాండ్స్ స్లగ్గింగ్ 0.863, సగటు 0.328. తేడా 0.535.

ఇదే లెక్కను ఉప్పల్ జంటకు పెట్టి చూశాను. ఫోరుకు ఒక పరుగు తీసేస్తే 3 మిగులుతుంది, సిక్సుకు 5. హెడ్‌కు 42, అభిషేక్‌కు 44. మళ్ళీ దాదాపు సమానమే! అంటే ఐఎస్ఓ ఒక్కటే సిక్సుల వీరుణ్ణి పట్టివ్వదు. వరసగా డబుల్స్ కొట్టేవాడూ, అప్పుడప్పుడూ కంచె దాటించేవాడూ అందులో పక్కపక్కనే కూర్చోగలరు. ఐఎస్ఓ బలాన్ని చెబుతుంది, ఆ బలం ఏ దారిన పోయిందో చెప్పదు. దారి తెలియాలంటే ఎన్ని బంతులకొక సిక్సు అన్న లెక్కను దాని పక్కన పెట్టాల్సిందే.

విజయవాడ వేర్లు, ఫ్లోరిడా హోమ్ రన్లు

ఈ లెక్కలన్నీ నేరుగా వర్తించే తెలుగు కుర్రాడు ఒకడున్నాడు. అర్జున్ నిమ్మల. తల్లిదండ్రులు విజయవాడ నుంచి అమెరికా వెళ్ళినవారు. 2005 అక్టోబరులో పుట్టిన అర్జున్ ఫ్లోరిడాలో పెరిగాడు. రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డింగ్ చేసే షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడతాడు. కొత్త ఆటగాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే 2023 డ్రాఫ్ట్ మొదటి రౌండులోనే, ఇరవయ్యో ఎంపికగా టొరంటో బ్లూ జేస్ అతణ్ణి తీసుకుంది. అప్పటికి వయసు పదిహేడు. మన ఇంటిపేరు ఒకటి ఆ జాబితాలో అంత పైన కనపడటం నాకైతే ఒళ్ళు పులకరించిన సంగతి.

2024లో బ్లూ జేస్ కింది స్థాయి జట్టు డనీడిన్‌కు ఆడినప్పుడు అతని బ్యాటింగ్ సగటు 0.230 దగ్గరే ఆగింది. పాత కళ్ళతో చూస్తే "పిల్లవాడు ఇంకా కుదురుకోలేదు" అని పక్కన పెట్టే అంకె అది. కానీ స్లగ్గింగ్ 0.470 దాటింది. ఆ ఏడాది పదిహేనుకు పైగా హోమ్ రన్లు కొట్టాడు. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే 0.240 చుట్టూ తేలుతుంది. పద్దెనిమిదేళ్ళ షార్ట్‌స్టాప్‌కు ఇది చాలా పెద్ద అంకె. తరచుగా తగలదు, తగిలితే మాత్రం దూరం పోతుంది. సగటు దాచిపెట్టిన మాటను ఐఎస్ఓ బయటపెట్టింది. 2025లో అతను ఒక మెట్టు పైకెక్కి వాంకూవర్ జట్టుకు ఆడాడు.

ఎన్ని, ఎంతలో ఎన్ని?

కెరీర్ మొత్తంలో హోమ్ రన్ల పట్టిక ఇలా ఉంటుంది: బాండ్స్ 762, హ్యాంక్ ఆరన్ 755, బేబ్ రూత్ 714. మార్క్ మెక్‌గ్వైర్ 583తో బాగా కింద ఉంటాడు. ఇప్పుడు ఎన్ని ఎట్ బ్యాట్‌లకొకటి అని అడగండి. మెక్‌గ్వైర్ 10.6, రూత్ 11.8, బాండ్స్ 12.9, ఆరన్ 16.4. పట్టిక తలకిందులైంది! మెక్‌గ్వైర్ తాను స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు. బాండ్స్ మీదా ఆ నీడ ఉంది. వాళ్ళను పక్కన పెడితే రూత్ ఇంకా కొండలా నిలబడతాడు. ఆరన్‌ది వేరే గొప్పతనం. ఇరవై మూడు సీజన్లు అలుపు లేకుండా కొట్టిన చేయి అది. ఓపికనూ బలాన్నీ ఒకే తక్కెడలో వేయకూడదు.

మనకు దగ్గరి ఉదాహరణ రోహిత్ శర్మ. అతని తల్లిది విశాఖపట్నం. అంతర్జాతీయ క్రికెట్‌లో అందరికంటే ఎక్కువ సిక్సులు కొట్టింది అతనే. క్రిస్ గేల్ పేరిట ఉన్న 553ను 2023లో దాటేశాడు. రోహిత్ ఇన్నింగ్స్‌లలో ఏది గొప్పదంటే అందరూ 2014లో ఈడెన్ గార్డెన్స్‌లో కొట్టిన 264 అంటారు. వన్డేల్లో అదే అత్యధికం కూడా. అందులో 33 ఫోర్లు, 9 సిక్సులు ఉన్నాయి. 173 బంతుల్లో తొమ్మిదంటే 19 బంతులకొక సిక్సు. అంతకు ఏడాది ముందు బెంగళూరులో ఆస్ట్రేలియా మీద కొట్టిన 209లో 158 బంతులకు 16 సిక్సులున్నాయి, అంటే పది బంతుల లోపే ఒకటి. సిక్సుల బలం అడిగితే 55 పరుగులు తక్కువున్న ఇన్నింగ్సే రెట్టింపు బలమైనది.

తల్లి ఊరు విశాఖలో 2019 అక్టోబరులో రోహిత్ మొదటిసారి టెస్టు ఓపెనర్‌గా దిగాడు. దక్షిణాఫ్రికా మీద 176, 127 చేశాడు. రెండు ఇన్నింగ్స్‌లలో కలిపి 13 సిక్సులు. ఒక టెస్టులో ఒక బ్యాటర్‌కు అప్పటి వరకూ వసీం అక్రమ్ 12 సిక్సులే రికార్డు. ముప్ఫై బంతులకొకటి అని చూస్తే చప్పగా కనిపిస్తుంది గానీ అది టెస్టు మ్యాచ్. ఏ తూకపు రాయి ఏ సంతలో వాడాలో తెలియాలి.

ఇరవై ఆరు సిక్సులు, ఒక ప్రశ్న

2024 జనవరి 26. హైదరాబాద్ నెక్స్‌జెన్ మైదానంలో అరుణాచల్ ప్రదేశ్‌తో రంజీ మ్యాచ్. హైదరాబాద్ ఓపెనర్ తన్మయ్ అగర్వాల్ 147 బంతుల్లో ట్రిపుల్ సెంచరీ చేశాడు. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో అంతకుముందు అత్యంత వేగవంతమైన ట్రిపుల్‌కు 191 బంతులు పట్టింది. మర్నాడు అవుటయ్యేసరికి 181 బంతుల్లో 366. అందులో ఫోర్లు 34, సిక్సులు 26. ఫస్ట్ క్లాస్ ఇన్నింగ్స్‌లో అన్ని సిక్సులు అంతకుముందు ఎవరూ కొట్టలేదు. కోలిన్ మన్రో 23 దగ్గర ఆగాడు.

ఏడు బంతులకొక సిక్సు, అదీ రోజంతా! ఆ చేతుల సత్తువను ఎంత పొగిడినా తక్కువే. అయినా బేస్‌బాల్ లెక్కల మనిషి ఒక ప్రశ్న అడుగుతాడు: ఎవరి బౌలింగ్? ఏ మైదానం? ఆ మ్యాచ్ ప్లేట్ గ్రూప్‌లోది, కొత్తగా ఎదుగుతున్న రాష్ట్రాల జట్లు ఆడేది. ఆ ప్రశ్న తన్మయ్ ఘనతను తగ్గించడానికి కాదు, ఇంకో రికార్డు పక్కన సరిగ్గా నిలబెట్టడానికి.

మైదానం తేడాను వాళ్ళు 'పార్క్ ఫ్యాక్టర్' అంటారు. అమెరికాలో డెన్వర్ నగరం సముద్రమట్టానికి 1,600 మీటర్ల ఎత్తున ఉంటుంది. గాలి పలచన, అందుకే బంతి ఎక్కువ దూరం పోతుంది. అక్కడి కూర్స్ ఫీల్డ్‌లో హోమ్ రన్లు మరీ వరదలా వస్తున్నాయని 2002 నుంచి బంతులను తేమ గదిలో పెట్టి వాడుతున్నారు. బాస్టన్‌లో ఎడమ పక్క కంచె 94 మీటర్ల దూరంలోనే ఉంటుంది గానీ, అక్కడ 11 మీటర్ల ఎత్తు పచ్చ గోడ నిలబడి ఉంటుంది. ఒక ఊళ్ళో హోమ్ రన్ ఇంకో ఊళ్ళో గోడకు తగిలిన డబుల్. క్రికెట్‌లోనూ అంతే. నిబంధనల ప్రకారం బౌండరీ 59 మీటర్ల నుంచి 82 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు.

ఈ కళ్ళతో చూస్తే తిలక్ వర్మ 2024 నవంబరు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 13న సెంచూరియన్‌లో 56 బంతుల్లో 107 నాటౌట్, ఏడు సిక్సులు. 15న జొహానెస్‌బర్గ్‌లో 47 బంతుల్లో 120 నాటౌట్, పది సిక్సులు. రెండూ దక్షిణాఫ్రికా పీఠభూమి మీదివే. జొహానెస్‌బర్గ్ అయితే 1,700 మీటర్ల పైన, డెన్వర్ కంటే ఎత్తు. ఎనిమిది రోజుల తర్వాత ముస్తాక్ అలీ ట్రోఫీలో మేఘాలయ మీద హైదరాబాద్‌కు ఆడుతూ 67 బంతుల్లో 151 కొట్టాడు, మళ్ళీ పది సిక్సులే. కొండ మీద 4.7 బంతులకొకటి, స్వదేశంలో 6.7 బంతులకొకటి. పలచని గాలి సాయం తీసేసినా బలం మిగిలే ఉంది.

విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డిది ఇంకో కథ. 2024 అక్టోబరులో ఢిల్లీలో బంగ్లాదేశ్ మీద 34 బంతుల్లో 74, ఏడు సిక్సులు. డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 189 బంతుల్లో 114, ఒకే సిక్సు. చేతులు అవే. ఆ రోజు జట్టుకు కావలసింది వేరు. బలం ఉన్నవాడు దాన్ని దాచుకున్న రోజును ఏ తూకమూ పట్టుకోలేదు.

బంతి బ్యాటును వదిలిన క్షణం

2015 నుంచి మేజర్ లీగ్ మైదానాలన్నింటిలోనూ 'స్టాట్‌కాస్ట్' అనే వ్యవస్థ పని చేస్తోంది. బంతి బ్యాటును ఎంత వేగంతో వదిలింది, ఎంత కోణంలో లేచింది అన్నవి రెండూ ప్రతి హిట్టుకూ నమోదవుతాయి. గంటకు 98 మైళ్ళు, అంటే 158 కిలోమీటర్ల వేగం, 26 నుంచి 30 డిగ్రీల కోణం కలిస్తే దాన్ని 'బ్యారెల్' అంటారు. వేగం పెరిగేకొద్దీ ఆ కోణానికి వెసులుబాటు పెరుగుతుంది. సరైన కోణంలో లేచిన బంతికి గంటకు ఒక మైలు వేగం కలిస్తే దూరం దాదాపు ఐదు అడుగులు పెరుగుతుంది.

ఇక్కడే నాకు అన్నిటికంటే నచ్చిన వింత ఉంది. 2022 ఆగస్టులో పిట్స్‌బర్గ్ ఆటగాడు ఒనీల్ క్రూజ్ కొట్టిన బంతి గంటకు 122.4 మైళ్ళ వేగంతో దూసుకెళ్ళింది. 197 కిలోమీటర్లు! స్టాట్‌కాస్ట్ అప్పటి వరకూ కొలిచిన హిట్లన్నింటిలో అదే అత్యంత వేగవంతం. ఫలితం? తక్కువ ఎత్తులో పోయి గోడకు బలంగా కొట్టుకుని వెనక్కి వచ్చింది. దక్కింది ఒకే ఒక్క బేస్. పాత స్కోరు పుస్తకంలో అది వట్టి సింగిల్. 2025 మేలో అదే క్రూజ్ 122.9 మైళ్ళతో తన రికార్డు తానే చెరిపేశాడు. ఈసారి కోణం కుదిరింది, హోమ్ రన్ అయింది. సింగిల్ వచ్చిన రోజు కూడా ఆ బలం అతనిలో ఉంది. ఫలితం చూసేవాడికి అది దాదాపు మూడేళ్ళు ఆలస్యంగా తెలిసింది, వేగం చూసేవాడికి ఆ రోజే తెలిసింది.

దూరంలో స్టాట్‌కాస్ట్ కాలపు మొనగాడు నోమర్ మజారా. 2019లో అతను కొట్టిన హోమ్ రన్ 505 అడుగులు, అంటే 154 మీటర్లు. మన వేపచెట్టు బంతితో దాన్ని పోల్చి చిన్నబుచ్చుకోనక్కర్లేదు. అక్కడ ఆడే టెన్నిస్ బంతి బరువు 58 గ్రాములకు అటూ ఇటూ. బేస్‌బాల్ దానికి రెండున్నర రెట్లు, క్రికెట్ బంతి ఇంకాస్త ఎక్కువ. తేలిక బంతిని గాలి త్వరగా ఆపేస్తుంది. అంత తేలికదాన్ని అంత దూరం పంపాలంటే చేతి విసురు చాలా ఉండాలి.

రూత్, నాయుడు

ఒక తూకానికి కెమెరా, యంత్రం ఏవీ అక్కర్లేదు. తనతో ఆడినవాళ్ళ కంటే ఎంత ముందున్నాడో చూస్తే చాలు. 1920లో బేబ్ రూత్ 54 హోమ్ రన్లు కొట్టాడు. అప్పుడు మేజర్ లీగ్‌లో పదహారు జట్లు. రూత్ సొంత జట్టు యాంకీస్‌ను పక్కన పెడితే, మిగతా పదిహేనింటిలో జట్టు మొత్తం కలిసి 54 దాటింది ఫిలడెల్ఫియా ఫిల్లీస్ ఒక్కటే, 64తో. ఒక మనిషి పద్నాలుగు జట్లను ఒంటరిగా మించిపోయాడు.

ఆరేళ్ళ తర్వాత బొంబాయి జింఖానా మైదానంలో మన సి.కె. నాయుడు దిగాడు. నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబం ఆయనది. 1926 డిసెంబరు 1న ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. మీద 153 పరుగులు చేశాడు. 13 ఫోర్లు, 11 సిక్సులు. అంటే 118 పరుగులు బౌండరీల్లోనే, నూటికి డెబ్బై ఏడు. తన్మయ్ 366లో ఈ వాటా ఎనభై. మధ్యలో దాదాపు నూరేళ్ళు గడిచాయి, బరువైన బ్యాట్లు వచ్చాయి, తాడు లోపలికి జరిగింది. అయినా వాటా మారింది నూటికి మూడే! ఆ ఇన్నింగ్స్‌కు మెచ్చి ఎం.సి.సి. వాళ్ళు ఆయనకు వెండి బ్యాటు బహూకరించారు. ఆ మర్యాద దేశానికి టెస్టు హోదా తెచ్చే దారిలో ఒక మెట్టయింది. 1932లో లార్డ్స్‌లో భారత్ మొదటి టెస్టు ఆడినప్పుడు కెప్టెన్ ఆయనే.

ఆ 11 సిక్సులను బంతుల తక్కెడలో వేయాలని కూర్చుంటే చేతికి దొరికేది గడియారమే. ఇన్నింగ్స్ రెండు గంటల లోపే ముగిసింది. పదకొండు నిమిషాలు గడవకుండా ఒక సిక్సు. ఆ రోజుల్లో కాలాన్ని రాసుకునేవారు.

ఇప్పుడు బంతులనూ రాస్తున్నారు. 2025 జనవరిలో కౌలాలంపూర్‌లో భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష స్కాట్లండ్ మీద 110 నాటౌట్ చేసింది. మహిళల అండర్-19 టీ20 ప్రపంచ కప్‌లో అదే మొదటి సెంచరీ. ఆ ఇన్నింగ్స్‌కు ప్రతి బంతి లెక్కా ఉంది: 59 బంతులు, 13 ఫోర్లు, 4 సిక్సులు. పదిహేను బంతులకొక సిక్సు. నూరేళ్ళ తర్వాత ఎవరైనా తూచాలనుకుంటే రాయి సిద్ధంగా ఉంది.

సిద్దిపేట పొలాల్లో స్కోరు రాసే తమ్ముళ్ళ నోట్‌బుక్‌లో ఇంకా ఖాళీ గడులున్నాయి. రాడార్లు అక్కర్లేదు. గాల్లోకి లేపిన ప్రతి బంతికీ ఒక గీత, అందులో దాటినదానికి అడ్డగీత. బేస్‌బాల్‌లో దీన్ని లేపిన బంతుల్లో హోమ్ రన్ల శాతం అంటారు, మేజర్ లీగ్‌లో లేపిన నూరింటిలో పది పన్నెండు కంచె దాటడం మామూలు. పక్కన ఏ దిక్కో ఒక అక్షరం: ఒడ్డుకు ఒ, బాయికి బా, చెట్టుకు చె. ఆట అయ్యాక ఆ ఇద్దరూ మళ్ళీ పంచాయితీకి కూర్చుంటారు. ఈసారి మధ్యలో నోట్‌బుక్ తెరిచి ఉంటుంది.